ప్రయాణం నేర్పిన చూపు.. ఊరి మన్ను చేసిన పాత్ర

* ప్రకృతి పాత్రలోకి చేరేది బొమ్మగా మాత్రమే కాదు.. మన్నుగా, బూడిదగా, నిప్పుగా
* వన్నె తగ్గిన కుమ్మరి పల్లెకు కొత్త ఊపిరి పోసిన షోజీ హమాడా
* మషికో చెప్పే పాఠం తెలుగు నేలకూ వర్తిస్తుంది

వేసవి అడుగుపెట్టగానే రహదారుల పక్కన కుండలు, కూజాలు, రంజన్లు బారులు తీరుతాయి. చూపరులకు అవన్నీ ఒకే ఎరుపుగా తోచినా, చేయి తిరిగిన కుమ్మరి వాటిని విడదీసి చెప్పగలడు. ఒక చెరువు మన్ను కాలితే ముదురు ఇటుక రంగు తేలుతుంది. మరో చెరువు మన్ను పసుపు ఛాయకు తిరుగుతుంది. ఒక మన్ను సారె మీద చెప్పినట్టు లేస్తుంది, మరొకటి సగంలోనే కూలబడుతుంది. ఏ నేల మన్నుతో చేశారో ఆ నేల గుణం పాత్రలో దాగదు.

ఇదే మాట నగరాల్లోని హస్తకళా ప్రదర్శనల్లో మరో రూపంలో వినిపిస్తుంటుంది. చేతితో చేసిన పింగాణీ కప్పులు, పళ్లేలు, కూజాల పక్కన కొండల స్ఫూర్తి అనో, సముద్ర తీర స్ఫూర్తి అనో చీటీలు కనిపిస్తాయి. కళాకారులు అడవులు, కొండలు తిరిగివచ్చి పాత్రలు చేస్తారన్న మాట వినడానికి బాగానే ఉంటుంది. అయితే కంటితో చూసిన కొండ చేతిలోని పాత్రలోకి నిజంగా ఎలా వస్తుంది? నీలిరంగు పూసినంత మాత్రాన సముద్రం వచ్చినట్టేనా? గత శతాబ్దంలో జపాన్‌కు చెందిన ఒక కుండల కళాకారుడి జీవితం ఈ ప్రశ్నకు సమాధానం చెబుతుంది. గిరాకీ తగ్గిన ఒక కుమ్మరి ఊరు తిరిగి నిలదొక్కుకున్న వైనం కూడా ఆ కథలోనే ఉంది. ఆ కథ తెలియాలంటే ముందు మన్ను సంగతి, పూత సంగతి కొంత తెలుసుకోవాలి.

కొండ కరిగితే మన్ను

బంకమట్టికి మూలం రాయి. గ్రానైట్ వంటి శిలల్లో ఉండే ఫెల్‌స్పార్ అనే ఖనిజం గాలికి, వానకు, నేలలోని ఆమ్లాలకు లక్షల ఏళ్లపాటు లోనై మెత్తని మన్నుగా మారుతుంది. పుట్టినచోటే నిలిచిపోయిన మన్ను తెల్లగా, శుద్ధంగా ఉంటుంది. దానినే చీనామట్టి అంటారు. శాస్త్రవేత్తలు వాడే 'కెయోలిన్' అన్న పేరు చైనాలోని జింగ్‌డెజెన్ సమీపాన ఉన్న గావోలింగ్ అనే కొండ నుంచి వచ్చింది. ప్రపంచ ప్రసిద్ధి పొందిన చైనా పింగాణీకి ఆ కొండ ప్రాంతపు మన్నే ఆధారం.

వాగులు, ఏరుల వెంట కొట్టుకువచ్చి చెరువుల్లో, పల్లపు పొలాల్లో పేరుకున్న మన్ను తీరు వేరు. దారి పొడవునా నలిగి మరింత మెత్తబడుతుంది. ఇనుము, సున్నం, ఆకుల కుళ్లు దానిలో కలుస్తాయి. జిగురు పెరుగుతుంది, సారె మీద తేలిగ్గా సాగుతుంది. కాలిన కుండకు ఎరుపునిచ్చేది అందులోని ఇనుమే. అందుకే కుండను చూసి అది ఏ నేలదో కొంతవరకైనా చెప్పవచ్చు.

రంగును నిర్ణయించేది మన్ను ఒక్కటే కాదు. ఆవంలో గాలి ధారాళంగా ఆడితే ఇనుము ఎర్రబడుతుంది. గాలి ఆడకుండా మూసి పొగ పట్టిస్తే అదే మన్ను నల్లబడుతుంది. తెలుగు నేల మీద బయటపడిన బృహచ్ఛిలాయుగపు సమాధుల్లో నలుపు, ఎరుపు కలిసిన పాత్రలు లభించాయి. లోపలి వైపు, అంచు నల్లగానూ, వెలుపల కింది భాగం ఎర్రగానూ ఉండే ఆ పాత్రలు నిప్పును, గాలిని ఆనాటి కుమ్మరులు ఎంత చక్కగా అదుపు చేశారో తెలియజేస్తాయి.

బూడిదే పూత

ఇళ్లలోని ఊరగాయ జాడీల మీద నిగనిగలాడే పూతను గ్లేజు అంటారు. అది నిజానికి పాత్ర మీద కరిగి అతుక్కున్న పలుచని గాజుపొర. దానికి ప్రధానంగా మూడు పదార్థాలు కావాలి. గాజుగా మారే ఇసుక వంటి సిలికా ఒకటి. పూత జారిపోకుండా పట్టి ఉంచే అల్యూమినా రెండోది. ఇది మన్నులోనే ఉంటుంది. ఈ రెంటినీ తక్కువ వేడికే కరిగించే సున్నం, పొటాష్ వంటివి మూడోది. కట్టెల బూడిదలో ఈ చివరి గుణం ఉంటుంది.

ఈ సంగతి తొలినాటి కుమ్మరులకు ఆవమే నేర్పింది. రోజుల తరబడి కట్టెలు మండే ఆవంలో బూడిద ఎగిరి పాత్రల భుజాల మీద పడుతుంది. వేడి 1,200 డిగ్రీల సెల్సియస్ దాటినప్పుడు ఆ బూడిద మన్నుతో కలిసి కరిగి, ఆకుపచ్చని ధారలుగా జారి నిలుస్తుంది. దానిని గమనించిన వారు తర్వాతి కాలంలో బూడిదను నీళ్లలో కలిపి, మన్ను చేర్చి పాత్రకు పూయడం మొదలుపెట్టారు. ఏ చెట్టు బూడిద అయితే ఆ చెట్టుకు తగిన ఛాయ వస్తుంది. వరి ఊక బూడిదలో అధిక భాగం సిలికాయే కావడంతో దానితో పాలమీగడ వంటి తెల్లని పూత తయారవుతుంది. అంటే అడవి, పొలం రెండూ పూతగా మారి పాత్ర మీదకు చేరుతున్నాయన్న మాట.

పూతల పేర్లలోనూ ప్రయాణాల ఆనవాళ్లు ఉన్నాయి. 'తెన్మోకు' అనే నల్లని పూత ఇందుకు మంచి ఉదాహరణ. చైనాలోని తియన్‌మూ కొండపై గల బౌద్ధ విహారాలకు వెళ్లిన జపాన్ భిక్షువులు తిరిగి వస్తూ నల్లని టీ గిన్నెలు వెంట తెచ్చుకున్నారు. ఆ కొండ పేరే జపాన్ ఉచ్చారణలో తెన్మోకు అయింది. విశేషమేమంటే ఆ గిన్నెలు ఆ కొండ మీద తయారైనవి కావు. ఫూజియన్ ప్రాంతపు ఆవాల్లో, ఇనుము అధికంగా ఉన్న అక్కడి మన్నుతో చేసినవి. పేరు యాత్రికులు పెట్టినది, నలుపు మాత్రం నేల ఇచ్చినది.

వరి పొలం కింద దొరికే మన్ను

జపాన్‌లోని బిజెన్ పట్టణపు కుండల తీరు కృష్ణా, గోదావరి డెల్టా రైతులకు సులువుగా అర్థమవుతుంది. అక్కడి కుమ్మరులు వరి పొలాల అడుగున దొరికే నల్లని జిగురుమన్నును తవ్వి తీస్తారు. దానిని ఏళ్ల తరబడి నిల్వచేసి, శుభ్రపరచి, ఆ తర్వాతే వాడతారు. పాత్రకు ఎలాంటి పూతా పూయరు. పది రోజులకు పైగా కట్టెలతో కాలుస్తారు. పాత్రలు ఒకదానికొకటి అతుక్కోకుండా మధ్యలో వరిగడ్డి చుట్టడం అక్కడి ఆనవాయితీ. గడ్డిలోని పొటాష్ మన్నులోని ఇనుముతో కలిసి, గడ్డి తగిలిన చోటల్లా ఎర్రని చారలు ఏర్పడతాయి. వరి పొలం మన్నుగా కింద, గడ్డి చారగా పైన కనిపిస్తుంది. కుంచె పట్టకుండానే ఆ పల్లె ప్రకృతి పాత్ర మీద ముద్ర వేసుకుంది.

సముద్రాలు దాటిన హమాడా

ఒకే ఊళ్లో తరతరాలుగా పనిచేసే కుమ్మరి కంటికి తన ఊరి మన్ను మామూలు వస్తువుగానే కనిపిస్తుంది. దాని విలువ గుర్తించడానికి ఒక్కోసారి బయటి చూపు అవసరమవుతుంది. షోజీ హమాడా చేసింది అదే. 1894లో జపాన్‌లో జన్మించిన ఆయన టోక్యోలో సిరామిక్స్ శాస్త్రాన్ని అభ్యసించారు. ఆ తర్వాత క్యోటోలోని పరిశోధనశాలలో మిత్రుడు కంజిరో కవాయ్‌తో కలిసి వేల రకాల పూతలను పరీక్షించారు. 1920లో ఆంగ్ల కళాకారుడు బెర్నార్డ్ లీచ్‌తో కలిసి ఇంగ్లండ్ చేరి, కార్న్‌వాల్ తీరంలోని సెయింట్ ఐవ్స్ పట్టణంలో కుండల కార్మాగారం నెలకొల్పడంలో పాలుపంచుకున్నారు. వాలు నేల మీద మెట్లుమెట్లుగా లేచే జపాన్ తరహా ఆవాన్ని అక్కడ నిర్మించారు.

ఆ తీరంలో వారికి అన్నీ కొరతలే ఎదురయ్యాయి. చెట్లు తక్కువ కావడంతో కట్టెలు దొరకడమే గగనమైంది. చుట్టుపక్కల పల్లెలు తిరిగి మన్ను వెతికారు. దేశం మారితే మన్ను మారుతుందని, మన్ను మారితే పని తీరే మార్చుకోవాలని ఆ అనుభవం నేర్పింది. ఇంగ్లండ్‌లోనే డిచ్లింగ్ అనే పల్లెలో నేత, ఇతర చేతిపనులు చేసుకుంటూ గ్రామీణ జీవితం గడుపుతున్న కళాకారులను హమాడా చూశారు. కళాకారుడు పట్టణంలోనే ఉండాలన్న నియమమేదీ లేదని, పల్లెలో బతుకుతూ పనిచేయవచ్చని ఆయనకు నమ్మకం కుదిరింది.

ఒక్క చెరకు గడ

1923లో టోక్యో ప్రాంతాన్ని భారీ భూకంపం కుదిపేసింది. ఆ వార్త విన్న హమాడా స్వదేశానికి తిరుగు ప్రయాణమయ్యారు. తిరిగి వచ్చిన కొద్ది కాలానికే దక్షిణాన ఉన్న ఒకినావా దీవులకు వెళ్లి, అక్కడి కుమ్మరుల నడుమ కొన్ని నెలలు గడిపారు. ఒకినావా చెరకు పండే నేల. గాలికి ఊగే చెరకు తోటలు ఆయన మనసులో నాటుకున్నాయి. పాత్ర మీద ఒక చెరకు గడను, దాని ఆకులను కుంచెతో గీయడం ప్రారంభించారు.

ఆ బొమ్మను ఆయన ఆ తర్వాత దశాబ్దాల పాటు గీస్తూనే ఉన్నారు. ఏటికేడు గీతలు తగ్గుతూ వచ్చాయి. చివరకు నిలిచింది ఒక కాడ, రెండు మూడు ఆకులు, గాలి వాలు మాత్రమే. తోటను చూసినట్టే గీసి ఉంటే అది జ్ఞాపకార్థం తెచ్చుకున్న బొమ్మ అయ్యేది. చేయి మళ్లీ మళ్లీ గీయడం వల్ల అది చేతి అలవాటుగా మారింది. యాత్రలో చూసిన దృశ్యం పాత్రలోకి చేరే మార్గాల్లో ఇదొకటి. ఇందుకు ఒక్క యాత్ర చాలు, కానీ ఆ తర్వాత ఏళ్ల సాధన కావాలి.

పెద్ద గిన్నెతో పూతను పళ్లెం మీద విసురుగా పోసి నమూనా తేవడంలోనూ హమాడాది అందెవేసిన చేయి. క్షణాల్లో ముగిసే పనికి అంత విలువేమిటని అడిగిన వారికి, ఆ పదిహేను సెకన్లకు వెనుకటి అరవై ఏళ్లను కూడా కలిపి లెక్కించుకోవాలని ఆయన చెప్పిన సమాధానం కుండల కళాకారుల మధ్య నేటికీ ప్రచారంలో ఉంది.

మషికోలో మకాం

టోక్యోకు ఉత్తరాన దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న మషికో గ్రామంలో కుండల పని 1853లో మొదలైంది. నీటి తొట్లు, ఊరగాయ జాడీలు, టీ పాత్రలు వంటి వంటింటి సామగ్రి అక్కడి నుంచి రాజధానికి వెళ్లేది. నగర జీవనం మారి, లోహపు పాత్రలు ఇళ్లలోకి రావడంతో ఆ సరుకుకు ఆదరణ తగ్గింది. ఆ ఊరికే హమాడా 1924లో చేరుకుని, క్రమంగా అక్కడే స్థిరపడ్డారు.

మషికో మన్ను గొప్పదేమీ కాదు. ముతకగా, ఇసుక కలిసి ఉంటుంది. సన్నని సొగసైన పాత్రలకు అది లొంగదు. మేలైన మన్నును వేరేచోటి నుంచి తెప్పించుకోగల స్తోమత, పరిజ్ఞానం హమాడాకు ఉన్నాయి. అయినా ఊరి మన్నునే వాడారు. దాని స్వభావానికి తగ్గట్టు పాత్రలను మందంగా, నిండుగా, నిబ్బరంగా మలిచారు. క్యోటోలో వేల పూతలు పరీక్షించిన ఆ శాస్త్రజ్ఞుడు, మషికోలో అరడజను పూతలతోనే జీవితకాలం గడిపారు. అవీ ఊరి చుట్టుపక్కల దొరికేవే. వరి ఊక బూడిదతో తెలుపు, కట్టెల బూడిదతో లేత పచ్చ, సమీపంలోని అషినుమా రాతిని పొడి చేసి పూస్తే కాకీ పండు రంగు. ఎరుపు గోధుమ రంగులు కలిసిన ఆ పూతకు ఆ పండు పేరే స్థిరపడింది.

1955లో జపాన్ ప్రభుత్వం ఆయనను సజీవ జాతీయ సంపదగా గౌరవించింది. ఆయన వెంట నేర్చుకునేవారు వచ్చారు, కొనేవారు వచ్చారు. ఇప్పుడు మషికోలో వందల సంఖ్యలో కుండల కార్ఖానాలు ఉన్నాయి. దేశదేశాలు తిరిగి సేకరించిన పాత్రలు, వస్త్రాలు, పనిముట్లతో ఆయన 1977లో తన ఇంటి ఆవరణలోనే ప్రదర్శనశాల తెరిచారు. మరుసటి ఏడాది కన్నుమూశారు. 2011 మార్చి నాటి భూకంపంలో ఆ ఊరి ఆవాలు దెబ్బతిన్నాయి. వాటిలో హమాడా వాడిన మెట్ల ఆవమూ ఉంది. 'కుమ్మరికి ఏడాది, గుదియకు నిమిషం' అన్న తెలుగు సామెత గుర్తుకు వచ్చే సందర్భమది. అయితే ఊరివారు దానిని బాగుచేసుకుని 2015లో మళ్లీ వెలిగించారు.

కొండలు గీసిన చేయి

మషికో కథలో యాత్ర చేయని మనిషి కూడా ఒకరున్నారు. ఆ ఊరి టీ పాత్రల మీద కొండ, నీరు, చెట్లు కలిసిన దృశ్యాన్ని గీయడం పాత సంప్రదాయం. మినగావా మసు అనే మహిళ పదేళ్ల ప్రాయంలో ఈ పనిలో చేరి, జీవితమంతా అదే దృశ్యాన్ని గీశారు. 1874లో పుట్టి 1960లో మరణించిన ఆమె, రోజుకు వందల పాత్రల మీద ఆ కొండలను చకచకా వేసేవారు. ఒక్కో పాత్రకు దక్కే కూలి స్వల్పం. అయినా ఆ గీతల్లోని వేగాన్ని, తేటదనాన్ని కళాకారులు మెచ్చుకున్నారు. హమాడా చెరకు గడకు, మసు కొండకు ఒకటే పోలిక కనిపిస్తుంది. లోకమంతా తిరిగిన చేతికైనా, ఊరు దాటని చేతికైనా ఆ సులువు ఇచ్చింది సాధనే.

భారతదేశానికి చేరిన బాట

ఈ చరిత్రతో భారతదేశానికి ప్రత్యక్ష సంబంధం ఉంది. భూగర్భశాస్త్రం చదివిన సర్దార్ గురుచరణ్ సింగ్ 1919లో సిరామిక్స్ నేర్చుకునేందుకు జపాన్ వెళ్లారు. అక్కడ లీచ్, హమాడా, కవాయ్ బృందంతో ఆయనకు పరిచయమైంది. కొరియా కుండల పనినీ చూశారు. రాళ్ల శాస్త్రం తెలిసిన వ్యక్తికి కుండల కళ ఎదురుకావడం వల్ల మన్నును, పూతను రెండు వైపుల నుంచీ చూడగలిగారు. స్వదేశం చేరాక జపాన్ పాత్రలకు నకళ్లు చేస్తూ కూర్చోలేదు. ఢిల్లీలో పఠాన్ కుమ్మరుల వద్ద నిలిచి ఉన్న నీలి పూత సంప్రదాయాన్ని చేపట్టి, 1952లో 'ఢిల్లీ బ్లూ' పేరిట కార్ఖానా ప్రారంభించారు. హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో, ధౌలాధార్ పర్వతాల దిగువన ఉన్న ఆంద్రెటా గ్రామం ఆయనకు మరో నివాసమైంది. ఆ ఊళ్లో ఆయన కుటుంబం నెలకొల్పిన కుండల కేంద్రానికి నేర్చుకునేందుకు దేశ విదేశాల నుంచి విద్యార్థులు వస్తుంటారు.

దక్షిణాదిన ఇదే బాటలో పుదుచ్చేరి నిలిచింది. అమెరికాకు చెందిన డెబోరా స్మిత్, రే మీకర్ 1971లో అక్కడ గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీని స్థాపించారు. డెబోరా అంతకుముందు జపాన్‌లో కుండల పని నేర్చుకున్నారు. జపాన్‌లో దేవదారు జాతి కట్టెలు మండితే, పుదుచ్చేరి తీరంలో సరుగుడు కట్టెలు మండాయి. విద్య జపాన్ నుంచి వచ్చినా, దానికి ఆధారమైన వంటచెరకు స్థానికమే కావడం గమనార్హం.

మన నేలలో ఏముంది?

మషికో ఉదాహరణ తెలుగు ప్రాంతాలకు దూరమైనదేమీ కాదు. పూతకు కావాల్సిన ముడిసరుకులన్నీ ఇక్కడ దొరికేవే. ధాన్యపు మిల్లుల వద్ద ఊక బూడిద గుట్టలుగా పడి ఉంటుంది. కోస్తా ఇసుక నేలల్లో సరుగుడు తోటలు విస్తారంగా ఉన్నాయి. తెలంగాణ, రాయలసీమల్లో గ్రానైట్ కొండలకు కొదవ లేదు. నెల్లూరు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఫెల్‌స్పార్, క్వార్ట్జ్ నిల్వలు ఉన్నాయి. సిరామిక్ సాంకేతిక విద్యకు గూడూరు చిరకాలంగా పేరున్న ఊరు. చిత్తూరు జిల్లా పలమనేరు ప్రాంతపు టెర్రకోట బొమ్మలకు ఇతర రాష్ట్రాల్లోనూ గుర్తింపు ఉంది.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. చెరువు మన్ను సాధారణంగా వెయ్యి డిగ్రీల లోపు వేడికే సరిపోతుంది. 1,200 డిగ్రీలకు చేరిస్తే ఉబ్బి, వంకరపోయి, చివరకు కరుగుతుంది. దానితో నేరుగా పింగాణీ వంటి గట్టి పాత్రలు చేయబోతే ఆవం నిండా నష్టమే మిగులుతుంది. అయితే కరిగిపోయే ఆ గుణమే మరోచోట అక్కరకు వస్తుంది. ఇనుము కలిసిన ఎర్రమన్నును పలుచగా జారుచేసి, వేడికి తట్టుకునే మన్నుతో చేసిన పాత్ర మీద పూస్తే, అది కరిగి గోధుమ రంగు గ్లేజుగా మెరుస్తుంది. అషినుమా రాయి మషికోలో చేసిన పని ఇలాంటిదే.

కుమ్మరి వృత్తి ఇక్కడ ఎదుర్కొంటున్న కష్టాలు తెలియనివి కావు. వంటింట్లో కుండ స్థానాన్ని అల్యూమినియం, స్టీలు, ప్లాస్టిక్ ఆక్రమించాయి. వేసవి కూజాలు, దీపావళి ప్రమిదలు, పెళ్లిళ్లలో ఐరేని కుండలే చాలాచోట్ల ఆదరువు. మన్నుకు ఆధారమైన చెరువులు కొన్నిచోట్ల పూడిపోగా, మరికొన్ని ఇళ్ల స్థలాలుగా మారాయి. చెరువు పోతే నీటితో పాటు ఆ ఊరి కుండకు ఉన్న రంగు, జిగురు కూడా పోతాయి. పక్క జిల్లా నుంచి లారీలో మన్ను తెప్పించుకోవచ్చు గానీ, దాని గుణం తెలుసుకోవడానికి మళ్లీ కొన్నేళ్లు పడుతుంది.

యాత్రలు చేసే యువ కళాకారులకు, ఊళ్లో సారె తిప్పే కుమ్మరులకు మధ్య ఈ చోటే కలయిక సాధ్యమవుతుంది. ఒకరి వద్ద బయటి చూపు ఉంది, మరొకరి వద్ద మన్ను మర్మం ఉంది. ప్రపంచం తిరిగిన హమాడా చివరకు చేరుకున్నది ముతకమన్ను దొరికే ఒక చిన్న పల్లెకు. అక్కడి రాయి, అక్కడి ఊక, అక్కడి మన్నే ఆయన పాత్రలకు పేరు తెచ్చాయి, ఆ ఊరికి బతుకు తెచ్చాయి. రహదారి పక్కన ఈసారి కూజా కొనేటప్పుడు అది ఏ చెరువు మన్నో ఒకసారి అడిగి చూడవచ్చు. చాలామంది అమ్మకందారులు ఆ చెరువు పేరు చెప్పగలరు.